అడగండి, చెబుతాను: ఈ వయసులో మొదలుపెట్టినవాళ్ళకు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే మన తిరుపతి, చిత్తూరు పక్క యాభై దాటినవాళ్ళంతా ఒక్కసారిగా బళ్ళో చేరబోతున్నట్టుంది. సంగీతం, స్కూటీ, తమిళం, కలంకారీ, ఎం.ఏ. అన్నీ ఉన్నాయి. విద్య రాకపోతే ఎట్లా అన్న బెంగ వీటిలో పెద్దగా లేదు, రానప్పుడు పక్కవాళ్ళు చూస్తారే అన్న సిగ్గు మాత్రం అన్నిటిలోనూ ఉంది. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, కొన్ని రెండు ముక్కల్లో తేల్చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి అన్నమయ్య కీర్తనలంటే ప్రాణం. ఇప్పుడైనా నేర్చుకుందామని ఒక టీచరమ్మ దగ్గర చేరితే నా పక్కన కూర్చునేవాళ్ళంతా ఏడెనిమిదేళ్ళ పిల్లలు. వాళ్ళు జంట వరసల్లోకి వెళ్ళిపోయారు, నేనింకా సరళీ వరసల్లోనే ఉన్నాను. ఇంట్లో మా ఆవిడ నవ్వుతోంది. నేరుగా కీర్తనలే నేర్పమని అడగొచ్చా? ఈ గొంతుతో ఆ మహానుభావుడి పదాలు పాడి పాడుచేస్తానేమో అని కూడా ఉంది. (ఎస్. వి., తిరుపతి)

జవాబు: అడగొచ్చు, ఆమె నేర్పుతారు కూడా. కానీ అప్పుడు మీకొచ్చేది ఆ నాలుగు కీర్తనలే, ఐదోది కావాలంటే మళ్ళీ ఎవరో ఒకరు నోట్లో పెట్టాలి. సరళీ వరసలు, జంట వరసలు, సప్తతాళ అలంకారాలు, ఆ తర్వాత మలహరి రాగంలో పిళ్ళారి గీతాలు, ఈ వరస పురందరదాసు పెట్టిపోయింది అంటారు. మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టించడానికి కారణముంది. స పక్కనే రి, ప పక్కనే ధ ఆనుకుని ఉంటాయి, రి నుంచి గ కి, ధ నుంచి ని కి ఎడం ఎక్కువ, కింది సగం ఎట్లా ఉందో పై సగం అచ్చం అట్లాగే ఉంటుంది, అందుకని తప్పు పాడితే మీ చెవే పట్టేస్తుంది. కాబట్టి అక్కడే ఉండండి, తొందరేముంది, ప్రమోషన్ పరీక్ష కాదు కదా.

అయితే మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చింది వేరే చోట. ఆ పిల్లలతో కలిపి ఒకే శ్రుతిలో, అంటే గొంతుకు ఒకే ఎత్తు పెట్టి, మిమ్మల్నీ పాడిస్తున్నారా? పిల్లలకు ఐదు, ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది. మగవాళ్ళకు మామూలుగా ఒకటికీ రెండుకీ మధ్య. ఐదులో పాడితే పైన మీరు అరవాలి, కింద గొణగాలి, రెండిట్లో ఏదైనా స్వరం నిలవదు. వెనకబడ్డానికి వయసు కన్నా ఇదే కారణం కావచ్చు. పిల్లలు వెళ్ళాక ఒక అరగంట విడిగా చెప్పమని అడగండి, మీ శ్రుతి ఏదో ఆమెనే తేల్చమనండి, ఫోన్లో తంబూరా యాప్ అదే శ్రుతికి పెట్టుకోండి. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం పూట రెండు గంటలు గొంతు చించుకుంటే సోమవారం మాట కూడా రాదు.

పాడుచేస్తానన్న భయం మాత్రం వదిలేయండి. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి, మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. అవైనా వందల ఏళ్ళు తిరుమల భాండాగారంలో రాగిరేకుల మీద పడి ఉన్నాయి. రేకుల మీద పదం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం ఈ రోజు ఆయన పాట అనుకుని వినే వరసల్లో చాలా భాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, అట్లాంటి విద్వాంసులు ఈమధ్య కాలంలో కట్టినవే. అన్నేళ్ళ చీకటికి తట్టుకున్న పదాలు మీ గొంతుకు తట్టుకోలేవా? మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో కచేరీ ఉన్న రోజు వెళ్ళి వెనక వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ వినండి, అది కూడా పాఠమే. దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాలలో పెద్దవాళ్ళకు వీలయ్యే క్లాసులు ఏమున్నాయో ఒకసారి కనుక్కోండి. మీ ఆవిడ సంగతంటారా, నవ్వనీయండి. రోజూ వింటున్నారు కాబట్టే నవ్వుతున్నారు, రేపు మీరు తాళం తప్పితే చెప్పేది కూడా ఆవిడే.

ప్రశ్న: అక్కా, నాకు 52. మాది చిత్తూరు. పిల్లలు బెంగుళూరులో ఉన్నారు. కూరగాయలకి, గుడికి, డాక్టరు దగ్గరికి ప్రతిదానికీ మా ఆయన బండి ఎక్కాలి లేదా ఆటో పిలవాలి. స్కూటీ నేర్చుకుంటానంటే 'ఈ వయసులో నీకెందుకే, పడితే పుత్తూరు కట్టు కట్టించుకోవాలి' అంటున్నాడు. నాకు సైకిలు కూడా రాదు. (పేరు వద్దు, చిత్తూరు)

జవాబు: చెల్లెమ్మా, పుత్తూరు కట్టు ఉన్నది పడేవాళ్ళ కోసమే, అందులో ఎక్కువ మంది మగవాళ్ళే ఉంటారని మీ ఆయనతో చెప్పు.

సైకిలు రాదన్నావు కాబట్టి ముందు బ్యాలెన్స్. ఎవరిదైనా పాత సైకిలు అడిగి తెచ్చుకో, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించు, పెడల్ జోలికి పోకుండా కూర్చుని కాళ్ళతో నేలను నెట్టుకుంటూ పో. కాళ్ళు కాసేపు గాల్లో నిలబడ్డ రోజు నీకు సైకిలొచ్చినట్టే. కొందరికి వారం, కొందరికి నెల. ఆ తర్వాత స్కూటీ. పెద్దవాళ్ళు నేర్చుకునేటప్పుడు బండి పడేది ఎక్కువగా ఆగేటప్పుడు, తిప్పేటప్పుడు. కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ గట్టిగా పట్టేస్తారు. అందుకని మొదటి రోజుల్లో నడపడం కన్నా ఆపడమే ఎక్కువ నేర్చుకో. నాలుగడుగులు పో, ఆపు, కాలు దించు, మళ్ళీ పో. పొద్దున్నే ఏదైనా కాలేజీ గ్రౌండుకి పోతే నడకకొచ్చినవాళ్ళు తప్ప ఎవరుండరు, వాళ్ళు చూసినా చూడనీ. ఇంకో మాట, మీ ఆయన దగ్గర మాత్రం నేర్చుకోవద్దు. ఆయన ఎంత మంచివాడైనా సరే, వెనక కూర్చుని కేకలు పెడితే నీ చేతులు వణుకుతాయి, సాయంత్రం ఇద్దరికీ భోజనం దగ్గర మాటలుండవు. ఆడవాళ్ళకు నేర్పే ఆడవాళ్ళే ఉన్నారు, ఫీజు ఇచ్చి నేర్చుకో.

లైసెన్సు సంగతి. ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తీసుకోవాలి. 40 దాటినవాళ్ళు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి, అదొక్కటి కుర్రవాళ్ళకన్నా నీకు అదనం. రోడ్డు గుర్తుల మీద కంప్యూటర్లో పరీక్ష ఉంటుంది, చదివితే వచ్చేదే. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టుకు పోవచ్చు. అప్పటిదాకా బండికి ఎర్ర ఎల్ బోర్డు ఉండాలి, వెనక కూర్చుని నేర్పేవాళ్ళకు లైసెన్సుండాలి, నీకు హెల్మెట్ ఉండాలి. 50 నుంచి 55 లోపు తీసుకున్న లైసెన్సు 60 ఏళ్ళు వచ్చేదాకా చెల్లుతుంది, 55 దాటాక తీసుకుంటే ఐదేళ్ళే. అంటే ఇప్పుడు తీసుకుంటే నీకు లాభం, ఈ లెక్క మీ ఆయనకు చెప్పు, మగవాళ్ళు లెక్క చెబితే వింటారు.

ప్రశ్న: మాది నగరి దగ్గర పల్లె, ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాం. వయసు 58. తమిళం చిన్నప్పటి నుంచి మాట్లాడతాను, ఒక్క అక్షరం చదవలేను. వేలూరులో ఆసుపత్రికి వెళ్ళినా, తిరుత్తణి గుడికి వెళ్ళినా బస్సు బోర్డు చదవమని పక్కవాళ్ళను అడగాలి. చదువుకున్నదాన్నే, సిగ్గేస్తుంది. ఈ వయసులో అక్షరాలు దిద్దితే వస్తాయా? (ఆర్. కె., చిత్తూరు)

జవాబు: వస్తాయమ్మా, మీకు వచ్చినంత సులువుగా ఇంకెవరికీ రావు. మాట ముందే వచ్చి కూర్చుంది, అక్షరమే రావాలి. మన జిల్లాలో ఇది కొత్త కూడా కాదు, తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, గీత మారింది గానీ ఇళ్ళలో మాటలు మారలేదు.

తమిళంలో అచ్చులు 12, హల్లులు 18. మనకు క ఖ గ ఘ నాలుగుంటే వాళ్ళకు ఆ నాలుగింటికీ ఒకటే అక్షరం, చ, ట, త, ప అక్షరాల దగ్గరా అంతే. మాట మొదట్లో వస్తే క, రెండు కలిసి వస్తే క్క, ముక్కుతో పలికే అక్షరం తర్వాత వస్తే గ. ఇది మీకు నోట్లో ఉన్నదే కాబట్టి సూత్రం కంఠస్థం చేయాల్సిన పనిలేదు. కాట్పాడి బోర్డు చూడండి, అందులో రెండో అక్షరం, చివరి అక్షరం ఒకటే, కాకపోతే మొదటిసారి ట్ అని చదువుతాం, రెండోసారి డి అని. ఆ ఒక్క పేరు మీద ఓ పూట కూర్చుంటే సగం తమిళం విడిపోతుంది.

ఒత్తులు లేవు, అది మనకు పండగ. అక్షరం నెత్తిన చుక్క పెడితే పొల్లు, పక్కనే తర్వాతి అక్షరం. మనవాళ్ళు తడబడేది గుణింతం దగ్గర. ఎత్వం, ఏత్వం, ఐత్వం గుర్తులు హల్లుకు ముందు రాస్తారు, ఒత్వం ఓత్వం అయితే ముందొక ముక్క, వెనకొక ముక్క. వేలూరు బోర్డులో మొదట కనిపించేది వ కాదు, దాని ఏత్వం. తిరువణ్ణామలై చివర్లో లై కూడా అంతే, ఐత్వం ముందు, ల తర్వాత. కన్ను ముందు గుర్తును చూసి, నోరు ఒక్క క్షణం ఆగి, హల్లుతో కలిపి పలకాలి. దీనికి అలవాటు పడ్డానికి కొన్నాళ్ళు పడుతుంది, విసుక్కోవద్దు.

రోజుకు రెండు మూడు అక్షరాలు చేత్తో రాయండి, ఫోన్లో చూసి ఊరుకుంటే నిలవవు. సరిహద్దు దాటే బస్సుల బోర్డులే మీ పాఠ్యపుస్తకం, బస్టాండులో ఓ గంట కూర్చుంటే వేలూరు, కాంచీపురం, ఆర్కాడు అన్నీ వచ్చిపోతుంటాయి, ఊరి పేరు ముందే తెలుసు కాబట్టి తప్పు చదివినా మీరే దిద్దుకోవచ్చు. పేపరు దగ్గరికొచ్చాక ఒక ఇబ్బంది ఉంది, ముందే చెబుతున్నా. మీరు నోటితో ఇరుక్కు అంటారు, అచ్చులో ఇరుక్కిఱదు అని ఉంటుంది. అక్షరాలన్నీ సరిగ్గా కూడబలుక్కున్నా మాట మీకు తెలిసిన మాటలా ఉండదు. అది మీ తప్పు కాదు, రాత భాష వేరు. మొదట సినిమా పోస్టర్లు, అంగడి బోర్డులు చాలు. మీ వీధిలో తమిళం చదివే ఏ పిల్లనో పట్టుకుని వారానికోసారి గట్టిగా చదివి వినిపించండి, తప్పయితే పకపకా నవ్వి చెబుతుంది. పిల్లలు మొహమాటపడరు, అందుకే వాళ్ళు మంచి టీచర్లు.

ప్రశ్న: రిటైరయ్యాక కీబోర్డు కొన్నా, ఆపేశా. యోగా, ఆపేశా. చెస్, సంస్కృతం, మిద్దె తోట, అన్నీ మొదలుపెట్టి ఆపేశా. నాలో ఏదో లోపముందా? (64 ఏళ్ళ పాఠకుడు, రేణిగుంట)

జవాబు: లోపమేమీ లేదు స్వామీ, రుచి చూస్తున్నారు, చూడండి. ఈసారి మాత్రం వాయిద్యం కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. ఆ కీబోర్డు అటక మీద ఉంటే పక్కింటి పిల్లకు ఇచ్చేయండి.

ప్రశ్న: నాకు 60. ఎప్పుడో ఆగిపోయిన చదువు పూర్తి చేసి డిగ్రీ, కుదిరితే ఎం.ఏ. తెలుగు చేయాలనుంది. కానీ చదివింది మర్నాటికి గుర్తుండటం లేదు. ముసలి బుర్రకు ఎక్కుతుందా? (టి. ఎల్., పలమనేరు)

జవాబు: జర్మనీలో 2008లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. సగటున అరవై ఏళ్ళ వయసున్నవాళ్ళకు మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం మూడు నెలలు నేర్పించి, ముందూ వెనకా మెదడు స్కాన్ తీశారు. నేర్చుకున్నవాళ్ళ మెదడులో మార్పు కనిపించింది. అదే పని కుర్రాళ్ళతో అంతకు ముందు 2004లో చేశారు, వాళ్ళంత బాగా పెద్దవాళ్ళు బంతులు ఎగరేయలేకపోయారు, అదీ నిజమే, సాధన ఆపేస్తే ఆ మార్పు తగ్గిపోయింది, అదీ నిజమే. అంటే ఎక్కుతుంది, నెమ్మదిగా ఎక్కుతుంది, వదిలేస్తే దిగుతుంది.

గుర్తుండటం లేదంటున్నారు, ఎట్లా చదువుతున్నారో చెప్పలేదు. ఒకే పేజీ పదిసార్లు చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది తప్ప నిలవదు. ఒకసారి చదివి పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయండి. ఏది రాయలేకపోయారో అదే మళ్ళీ చదవండి. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి. రాత్రి నిద్ర పోగొట్టుకుని చదివితే పగలంతా చదివింది కూడా పోతుంది. చత్వారం అద్దాలు మార్చి ఎన్నాళ్ళయిందో చూసుకోండి, సగం మందికి బుర్ర అలిసిపోయిందనుకునేది కళ్ళు అలిసిపోయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు, పరీక్షలో మూడు గంటలు చేత్తో రాయాలి. ఇన్నేళ్ళుగా సంతకాలు తప్ప ఏమీ రాయని వేళ్ళు అరగంటకే లాగేస్తాయి. ఇప్పటి నుంచే రోజూ రెండు పేజీలు రాయండి. దూరవిద్యకు 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది (అంబేడ్కర్ పేరు తర్వాత పెట్టారు), మన వైపువాళ్ళను ఇప్పుడు చేర్చుకుంటున్నారో లేదో కనుక్కోండి, ఇగ్నో ఉంది, అరవై అని ఎవరూ వెనక్కి పంపరు.

ప్రశ్న: తిరుపతి నుంచి వారానికి రెండు రోజులు శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ నేర్చుకుంటున్నాను, వయసు 49. ఇంట్లో ఒకటే ప్రశ్న, ఎప్పుడు అమ్ముతావు, ఎంతొస్తుంది అని. బస్సు చార్జీలకే సరిపోతోంది అంటున్నారు. (పి., తిరుపతి)

జవాబు: మీరు ఎక్కడిదాకా వచ్చారో రాయలేదు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టారా, చింతబరికె కాల్చిన బొగ్గుతో గీత గీశారా, వెదురు కలానికి గుడ్డ చుట్టి కసింలో, అంటే నల్ల గీతలకు వాడే నీళ్ళలో, ముంచారా? పాత ఇనుము, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరితే గానీ కసిం తయారు కాదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే తప్ప అది నల్లబడదు. ఎరుపు కావాలంటే పటిక పూసి ఉడకబెట్టాలి, ఆపైన పారే నీళ్ళలో ఉతకాలి. పాలు తక్కువైతే రంగు పాకుతుంది. ఇన్ని మెట్లున్న పనిలో ఏడాది లోపల అమ్మే సరుకు రాదు. వచ్చిందని ఎవరైనా మిమ్మల్ని మునగచెట్టు ఎక్కిస్తే నమ్మకండి. తరాలుగా అదే పనిలో ఉన్నవాళ్ళ పక్కన మీ మొదటి చీర పెట్టి ధర అడగడం వాళ్ళకూ న్యాయం కాదు.

ఇంట్లోవాళ్ళకు నేనైతే ఒకటే చెబుతాను. మీ ఆయన కార్డ్స్ క్లబ్బుకో క్రికెట్ మ్యాచ్‌కో పోయొచ్చినప్పుడు ఎంతొచ్చింది అని అడుగుతున్నామా? మీ బస్సు చార్జీ దానికన్నా తక్కువే. అడిగినప్పుడల్లా సంజాయిషీ చెప్పకండి, ఈ నెల కొమ్మ, వచ్చే నెల నెమలి అని పని గురించే చెప్పండి. సన్న గీతలకు దగ్గరి చూపు అద్దాలు వేరే చేయించుకోండి, వెలుతురు ఎడమ పక్క నుంచి పడేట్టు కూర్చోండి, గంటకోసారి లేచి నడుము విరుచుకోండి. అమ్మకం సంగతి మీ గురువు గారు 'ఇది పర్లేదమ్మా' అన్న రోజు చూద్దాం.

ప్రశ్న: మా నాన్నకు 68. పుంగనూరు దగ్గర మామిడి తోట ఉంది, బెంగుళూర కాయ. కొత్త ఫోన్ కొనిచ్చాను, ఇప్పుడు తోట వీడియోలు తీసి అందరికీ పెట్టాలంటాడు. ఒకటే విషయం పదిసార్లు అడుగుతాడు, నేను విసుక్కుంటాను, ఆయన అలుగుతాడు. ఎట్లా నేర్పాలి? (డి., తిరుపతి)

జవాబు: ముందు ఆ ఫోన్ ఆయన చేతిలోంచి లాక్కోవడం మానేయమ్మా. 'ఇటివ్వు నాన్నా, నేను చేస్తా' అని టకటకా నాలుగు నొక్కి ఇచ్చేస్తే ఆయన నేర్చుకున్నదేమీ లేదు, అందుకే పదోసారి అడుగుతున్నాడు. నీ చేతులు ఒళ్ళో పెట్టుకో. నొక్కేది ఆయనే నొక్కాలి, తప్పు నొక్కితే వెనక్కి ఎట్లా రావాలో అది మొదట నేర్పు, అదొస్తే భయం పోతుంది. ఒక రోజు వీడియో తీయడం మాత్రమే, ఇంకో రోజు పంపడం మాత్రమే. మెట్లు ఆయన రాతతోనే ఒక నోటుబుక్కులో రాసుకోమను, నువ్వు రాసిస్తే చూడడు. అక్షరాల సైజు పెంచు. వేలు ఎండిపోయి గరుకుగా ఉంటే తెర సరిగ్గా అందుకోదు, తోట పని చేసే చేతులకు అది మామూలే, కొంచెం తడి చేసుకుని తుడుచుకోమను. మొదటి వీడియోల్లో సగం ఆయన బొటనవేలే కనిపిస్తుంది, పోనీ, అట్లాగే పంపనీ.

డబ్బు యాప్ మాత్రం వేరు. అందులో తప్పుకు వెనక్కి రావడం ఉండదు. పంట డబ్బున్న ఖాతాకు కాకుండా కొద్దిగా డబ్బుంచిన వేరే ఖాతాకే దాన్ని కలుపు. మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే అని ఆ నోటుబుక్కు మొదటి పేజీలో రాయించు. ఓటీపీ ఎవరు అడిగినా, బ్యాంకు మేనేజర్నని చెప్పినా, ఫోన్ పెట్టేయమను. ఒకవేళ మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఆ నంబరు ఆయన రాతతోనే ఫోన్ కవరు లోపల పెట్టించు.